దాపట అంటే ఏ పక్క

మా అయ్య కాశయ్యకు కుడి ఎడమలు తెలియవని తర్లగూడలో ఒక వేళాకోళం ఉండేది. ఎవరైనా బండి బాగుచేయించుకోవడానికి వచ్చి, ఈ పక్క గీర ఊగుతోందనో ఆ పక్క చక్రంలో ఆకు విరిగిందనో చెబితే, ఆయన చేతిలో పని ఆపి, "చెయ్యి పెట్టి సూపు" అనేవాడు. బండి పెరట్లో ఉన్నా సరే, లేచి వెళ్ళి, వచ్చినవాడి చెయ్యి ఆ గీర మీద పడేదాకా నిలబడేవాడు. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని, కాశయ్యకు అన్నం ఏ చేత్తో తినాలో ఎవరైనా చెయ్యి పెట్టి చూపండిరా అనేవారు. అయ్య కూడా నవ్వు ముఖం పెట్టేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నవ్వేవాళ్ళలో సగం మందికి సంగతి తెలుసు. తెలిసి నవ్వేవాళ్ళను ఏమంటాం? ఇప్పుడు వాళ్ళూ లేరు, అయ్యా లేడు. నేను చెప్పకపోతే మిగిలేది ఆ వేళాకోళం ఒక్కటే. అందుకని చెబుతున్నాను.

మేము వడ్లవాళ్ళం, చెక్కపని మాది. బస్తరు రాజుల పాలన ఇంకా నడుస్తున్న రోజులవి. భోపాలపట్నం నుంచి ఏటి ఒడ్డు దాకా కలప బండ్లన్నిటికీ గీరలు అయ్య చేతుల మీదుగానే వెళ్ళేవి. తిరుమాను కట్టెతో ఇరుసు చెక్కితే పదేళ్ళు చూసుకోనక్కర లేదనేవారు. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి చెక్క గీరకు తొడిగి నీళ్ళు కొడితే, అది ముడుచుకుని గీరను బిగించేస్తుంది. ఆ బిగువు సరిపోయిందో లేదో సుత్తితో ఒకసారి కొట్టి, చప్పుడు విని చెప్పేవాడు. చదువు లేదు. పొడుగుకు మూర, మూలకు మూలమట్టం, బిగువుకు చెవి, అంతే ఆయన లెక్క. తన పనిలో తప్పు పడదని ఆయనకు గట్టి నమ్మకం. అమ్మను మేము అవ్వ అంటాం; మా అవ్వ తిరుపతమ్మకు అంతకన్నా గట్టి నమ్మకం.

యుద్ధం ముగిసిన మరుసటి యేడు చలికాలం చివర అడవిని గుత్తకు తీసుకున్న ఒక కలప ఠేకేదారు మా ఊరికి మోటారు తెచ్చాడు. లారీ అంత పెద్దది కాదు. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక సరుకు వేసే తొట్టి. పికప్పు అనేవారు దాన్ని. రోడ్డు మీద బాగానే పరిగెత్తేది కానీ, వాగు దిగితే ఇసుకలో కడుపుదాకా కూరుకుపోయేది. ప్రతిసారీ ఎడ్లను కట్టి లాగాలి. ఎడ్లు లాగే మోటారని పిల్లలు దాని వెంట అరుస్తూ పరిగెత్తేవారు. ఠేకేదారుకు అది తలవంపులుగా ఉండి, ఎక్కడో మిలిటరీ సామాను అమ్ముతుంటే నాలుగు పెద్ద చక్రాలు కొనుక్కొచ్చాడు. పాత చక్రం పక్కన కొత్తది నిలబెడితే మూరెడు ఎత్తు ఎక్కువ. టైరు వెడల్పు నా రెండు జానలు. అంత వెడల్పుంటే ఇసుక మీద తేలిపోతుందని అతని ఆశ.

వాటిని ఆ చిన్న మోటారుకు తగిలించే పని మా అయ్యకు వచ్చింది. చుట్టుపక్కల మోటారు మిస్త్రీ లేడు. డ్రైవరు పేర్రాజు ఉన్నాడు, గోదావరి దిగువన రాజోలు పక్క మనిషి. పని తెలిసినవాడే. కానీ వచ్చిన రెండో రోజునే అతనికి చలిజ్వరం తగులుకుంది. మా కొట్టంలో మంచం వేసి, రెండు గొంగళ్ళు కప్పాము. మంచం మీద నుంచే అయ్యకు ఏం చెయ్యాలో చెప్పేవాడు. నేను పూటకు రెండుసార్లు గంజి ఇచ్చేదాన్ని. అప్పుడు నాకు పదహారేళ్ళు.

పని నాలుగు రోజులు పట్టింది. టేకు దూలం మోటారు కింద సందున పెట్టి ఆరుగురు మనుషులు ఒక కొసన ఎక్కి తొక్కితే మోటారు లేచింది. కింద దిమ్మెలు పెట్టారు. కొత్త చక్రం పెట్టి చూస్తే పైన రేకుకు ఆనుకుని తిరగనే లేదు. అయ్య రెండు పనులు చేశాడు. రేకును ఉలితో నలుచదరంగా కోసి, కోసిన అంచును ఎవరి కాలికీ గీసుకోకుండా లోపలికి మడిచాడు. తర్వాత ఇరుసుకూ కమాను పట్టీలకూ మధ్య తిరుమాను దిమ్మెలు చెక్కి కూర్చాడు. దాంతో మోటారు నడుము జానెడు పైకి లేచింది. ఆ దిమ్మెలు కూర్చిన తీరు చూసి ఠేకేదారే వంగి వేలితో తడిమాడు. అవ్వ గడప మీద నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి చూసింది.

మిగిలింది బోల్టులు. పాత బోల్టులు కొత్త చక్రాలకు పొట్టి అయ్యాయి. చక్రాలతో పాటు వచ్చిన పొడుగు బోల్టులు ఒక డబ్బాలో కలగాపులగంగా ఉన్నాయి. అయ్య ఒక్కొక్కదానికీ నట్టు ఎక్కించి చూస్తూ, సగం మామూలుగా తిప్పితే బిగిసే సీదా మర, సగం వెనక్కి తిప్పితే బిగిసే ఉల్టా మర అని పసిగట్టాడు. ఉల్టా మర ఉన్నవాటి తల మీద ఒక ఇంగ్లీషు అక్షరం చెక్కి ఉంది. అది అచ్చం ఆయన మూలమట్టంలా ఉంది. చేసినవాడు కూడా వడ్లవాడే అయి ఉంటాడే, తన గుర్తు పెట్టుకున్నాడు అని నాకు చూపించి మురిసిపోయాడు.

తర్వాత కొట్టంలోకి వెళ్ళి, ఉల్టా మరవి ఏ పక్కకు పెట్టాలని పేర్రాజును అడిగాడు. నేను గంజి గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను. అతని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"దాపటికి" అన్నాడు పేర్రాజు.

"దాపటికేనా?"

"దాపటికేనండీ" అని కళ్ళు మూసుకున్నాడు.

అయ్య ఒక క్షణం నిలబడి, జారిన గొంగడి అతని భుజం మీదికి లాగి, వచ్చేశాడు.

కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో ఒకటి దాపటిది, ఒకటి ఎలపటిది. బండి తోలేవాళ్ళకు కుడి ఎడమలు ఉండవు, ఈ రెండే ఉంటాయి. మా ఊళ్ళో దాపట అంటే కుడి పక్క. తాతలనాటి నుంచీ అంతే. పేర్రాజు ఊళ్ళో దాపట అంటే ఎడమ పక్క. వాళ్ళకూ తాతలనాటి నుంచీ అంతే. ఈ ముక్క ఆ రోజు ఆ కొట్టంలో ఉన్న ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

అయ్య మూలమట్టం గుర్తు ఉన్న బోల్టులన్నీ కుడి పక్క కొట్టాడు. సీదావి ఎడమ పక్క కొట్టాడు. నట్లు పానాతో బిగించి, ఒక్కొక్కదాన్నీ సుత్తితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. అన్నీ గట్టిగానే పలికాయి.

మర్నాడు పొద్దున పేర్రాజు లేచాడు. ముఖం పీక్కుపోయి ఉంది కానీ జ్వరం లేదు. నట్లన్నీ బిగించారా అని అడిగితే అయ్య బిగించానన్నాడు. అతను వంగి చూడలేదు. వంగితే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. బీజాపూర్ సంతకు చింతపండు వేసుకుని వెళ్ళాలని ఠేకేదారు తొందర. మా ఇంట్లో కూడా రెండు గంపల చింతపండు ఉంది. అవ్వ ఎన్నడూ మోటారు ఎక్కలేదు. అయ్యే ఆమెను ముందు గదిలో, డ్రైవరుకు ఎడమ పక్కన కూర్చోబెట్టాడు. నేను పెట్టిన గీరలు, నువ్వు కూసోకపోతే ఎవరు కూసుంటరని అన్నాడు. వెనక తొట్టిలో మా ఇంటి పక్కనుండే దోర్ల తెగ బిజ్జా, ఇంకో నలుగురు ఎక్కారు. వాగులో ఇసుక మీద మోటారు ఆగకుండా వెళ్ళిపోయింది. ఒడ్డున నిలబడ్డవాళ్ళంతా కేకలు వేశారు. అవ్వ తల బయటికి పెట్టి మా వైపు చూసింది. ఎండకు కళ్ళు చిట్లించుకుని ఉంది, నవ్విందో లేదో నాకు సరిగ్గా కనబడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బిజ్జా వేరే ఊరి బండి మీద అవ్వను తెచ్చాడు. శవం మీద ఆకులు కప్పి ఉన్నాయి. భోపాలపట్నం దాటాక ఒక ఎత్తు దిగేచోట, అవ్వ కూర్చున్న పక్క ముందు చక్రం ఊడి, మోటారును దాటుకుని ముందుకు దొర్లిపోయిందట. మోటారు ఆ పక్కకే ఒరిగిపోయింది. వెనకవాళ్ళు దూకేశారు. బిజ్జా ఇది చెబుతున్నంతసేపూ అయ్య ఆ బండి గీరనే చూస్తున్నాడు. అంతా విని, పట్టా వదులైంది, నీళ్ళు కొట్టు అని బిజ్జాకు చెప్పాడు.

ఆయన ఏడవలేదు. నేనూ ఏడవలేదు. చుట్టాలు వచ్చి మా ఇద్దరి వంతూ వాళ్ళే ఏడ్చారు. అన్నం పెడితే తిన్నాం. లేవమంటే లేచాం. గుండెలో బాధ ఉండాలని తెలుసు, ఎక్కడుందో వెతుక్కున్నాను, దొరకలేదు. గచ్చకాయ కూడా రుద్దితే వేడెక్కుతుంది, నాకు అదీ లేదు. గంపలు అల్లాను, వడ్లు దంచాను. అవ్వ చీర దండెం మీద నుంచి తీసి మడతపెట్టాను. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

పేర్రాజును బీజాపూర్‌లో పోలీసు కొట్లో పెట్టారని తెలిసింది. జ్వరమని చెప్పి కల్లు తాగాడనీ, నట్లు చూసుకోకుండా తోలాడనీ ఠేకేదారు రాయించాడు. మనిషి చచ్చిపోయింది కాబట్టి ఏళ్ళ తరబడి జైలు తప్పదని అందరూ అన్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు అతని వంశాన్ని మొత్తం తిట్టారు. గంజి పోసిన చేతులతో నేను కూడా తిట్టాను.

పన్నెండు రోజుల తర్వాత మోటారును ఎడ్లతో మా ఇంటికే లాక్కొచ్చారు. దిమ్మె ఒకటి పగిలింది, అది చెక్కాలి. దాని వెంట కొత్త డ్రైవరు ఒకడు వచ్చాడు. వాడు పానా పెట్టి తిప్పుతూ ఆగి, ఎల్ అని రాసి ఉన్నవి కుడి పక్క ఎవడు కొట్టాడని అడిగాడు. ఎల్ అంటే ఎడమ. చక్రం దొర్లేకొద్దీ నట్టు బిగుసుకోవాలని ఎడమ పక్క ఉల్టా మర పెడతారు, పక్కలు మారిస్తే దొర్లేకొద్దీ వదులై ఊడిపోతుందని, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. నేనే కొట్టాను, దాపటికి కొట్టమన్నారు, కొట్టాను అన్నాడు అయ్య. దాపట అంటే ఎడమే కదా అన్నాడు వాడు. వాడిదీ గోదావరి దిగువే. వాడు బోల్టులు అటువి ఇటూ ఇటువి అటూ మార్చుకుని, భోజనం చేసి వెళ్ళిపోయాడు. అదంతా నేను వింటూనే ఉన్నాను కానీ, నా బుర్ర దాన్ని పట్టుకోలేదు. వాళ్ళేవో మోటారు మాటలు మాట్లాడుకుంటున్నారనుకున్నాను.

రెండు నెలలు అయ్య ఆ మాటను కడుపులో పెట్టుకుని తిరిగాడు. ఆ రెండు నెలల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక మనిషి చేయని పనికి నాలుగు గోడల మధ్య కూర్చుని ఉన్నాడు. ఈయన ఇక్కడ నాగళ్ళు చెక్కాడు, నా చేతి గంజి తాగాడు. ఆయన మంచివాడని చెప్పడానికి నేను కూర్చోలేదు. చెబితే ఆయనకు జైలే దారి, అది నాకు తెలుసు. అయినా ఆ రెండు నెలలు రెండు నెలలే.

వానలు పడేముందు, ఫలానా నాడు పేర్రాజును విచారణ చేసే సాహెబు ముందు నిలబెడతారని బిజ్జా సంతలో విని వచ్చి చెప్పాడు. ఆ సాయంత్రం అయ్య బండి కట్టమన్నాడు. అన్నం సంగతి కూడా గుర్తుండని మనిషి కాబట్టి చుట్టాలు నన్ను తోడు పంపారు. బీజాపూర్‌కు బండి మీద మూడు రోజులు. చక్రం ఊడినచోటు దాటుతున్నప్పుడు ఆయన బండి ఆపలేదు, ఎద్దులను అదిలించనూ లేదు. అది దాటి చాలా దూరం వెళ్ళాక చెప్పాడు.

"మీ అవ్వను నేనే సంపిన బిడ్డా. ఆ పిల్లగాడు కాదు."

సంగతంతా చెప్పాడు. నేను ఎద్దుల వీపులు చూస్తూ కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి. తిట్టాలి, లేకపోతే పట్టుకోవాలి. కాళ్ళు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, అలా ఉంది లోపల. ఎద్దులకు నీళ్ళు పెట్టాలి, వాగు వచ్చిందన్నాను. ఆయన దిగి నీళ్ళు పెట్టాడు.

కచేరీలో సాహెబు బల్ల వెనక కూర్చున్నాడు. ఆయనకు తెలుగు రాదు. రాతపని చూసే మున్షీకి హిందీ, అక్కడివాళ్ళ హల్బీ, సంతలో పనికొచ్చేంత తెలుగు వచ్చు. పేర్రాజును ఒక గోడ దగ్గర నిలబెట్టారు, ఒక మణికట్టుకు తాడు. సగం మనిషి అయ్యాడు. అయ్యను ఎదురుగోడ దగ్గర నిలబెట్టారు. అయ్య చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పేశాడు. ఆయన దాపట అన్నాడు, నేను దాపట అనుకున్నాను, ఆయన దాపట వేరు, నా దాపట వేరు, తప్పు నాది. మున్షీ అది హిందీలో పెట్టడానికి మూడుసార్లు తంటాలు పడ్డాడు. దాపట, దాపట అంటుంటే సాహెబుకు విసుగు పుట్టింది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి ఎత్తి, దాపట అంటే ఏ పక్కో చూపమన్నాడు.

అయ్య కుడి చెయ్యి ఎత్తాడు. పేర్రాజు ఎడమ చెయ్యి ఎత్తాడు. ఎదురెదురుగా నిలబడ్డారు కదా, రెండు చేతులూ కిటికీ వైపే చూపించాయి.

సాహెబు కిటికీ వైపు చూసి, వాళ్ళిద్దరి వైపు చూసి, ఇందులో తేడా ఏముందని అడిగాడు. భార్య పోయిన దుఃఖంలో ముసలాయనకు మతి చలించినట్టుంది, బయట కూర్చోబెట్టమన్నాడు. మున్షీ కలం అందుకున్నాడు. పేర్రాజు చెయ్యి ఇంకా అలాగే ఎత్తి ఉంది. అతనికి అప్పుడే అర్థమవుతోంది. అయ్య చేతి వైపు, తన చేతి వైపు చూసుకుంటున్నాడు. 

అయ్య బయటికి వెళ్ళలేదు. జవాను చెయ్యి వేసినా ఆగకుండా, ఆ గది అడ్డంగా దాటి, పేర్రాజు ఎడమ పక్కన, భుజానికి భుజం ఆనించి, అతను చూస్తున్నవైపే ముఖం పెట్టి నిలబడ్డాడు. జైలుకు పోవలసినవాడు నిలబడే చోటు అది. అక్కడ నిలబడి, "ఇప్పుడు సూపుమను" అన్నాడు.

ఇద్దరూ చేతులు చాచారు. అయ్య కుడి చెయ్యి, పేర్రాజు ఎడమ చెయ్యి, ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చి, మధ్యలో ఒకదానికొకటి తగిలాయి.

సాహెబు లేచి నిలబడి మళ్ళీ చాపమన్నాడు. మళ్ళీ తగిలాయి. అప్పుడు పేర్రాజు నోరు విప్పాడు. బండ్లు చేసే పెద్దాయన, ఎడమ అంటే పొరబడతాడేమోనని ఆయన మాటలోనే చెప్పానండీ అన్నాడు. అదే మాట రెండుసార్లు చెప్పి ఏడ్చేశాడు. మున్షీ అంతా రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి తాడు విప్పారు. అయ్యకు ఏ శిక్షా వేయలేదు. ఇక మీదట మోటార్ల పని ముట్టనని రాసి వేలిముద్ర వేయించుకున్నారు. నాకు శిక్షేమీ రాయలేదా అని ఆయన మున్షీని అడిగాడు. లేదు పొమ్మన్నాడు మున్షీ. ఇంకోసారి చూడమన్నాడు అయ్య. జవాను వచ్చి బయటికి తీసుకొచ్చాడు.

కచేరీ ముందు మా బండి దగ్గరకు పేర్రాజు వచ్చాడు. అయ్య కాళ్ళు పట్టుకోబోతే అయ్య పక్కకు తప్పుకున్నాడు.

"చెయ్యి పెట్టి సూపమని నిన్ను అడగాల్సింది" అన్నాడు అయ్య. "అడుగుదామనే నిలబడ్డ. వణుకుతున్నవ్, కండ్లు మూసుకున్నవ్. లేపబుద్ధి కాలే."

పేర్రాజు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. అతను ఏటి దారి పట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వైపు రాలేదు.

ఎద్దులను కాడికి కట్టాలి. అయ్య రెండు పలుపులూ చేతిలో పట్టుకుని వాటి ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్ళు రోజూ చేసిన పని. ఎర్రది ఎప్పుడూ ఒక పక్కే, తెల్లది ఎప్పుడూ ఒక పక్కే. ఆయన ఎర్రదాన్ని చూశాడు, కాడిని చూశాడు, నన్ను చూశాడు.

"సారలా, ఇది ఏ పక్క బిడ్డా? చెయ్యి పెట్టి సూపు."

ఆయన ఎవరినైనా అలా అడగడం నేను వినడం అదే మొదటిసారి. నేను కాడి దగ్గరకు వెళ్ళి, ఎర్రది కట్టే చోట చెయ్యి పెట్టాను. కాడి ఎండకు కాలుతోంది. అవ్వ పోయినప్పటి నుంచీ దొరకని బాధ ఆ చేతిలోనుంచి పైకి వచ్చింది. కచేరీ ముందు, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా, కాడి పట్టుకుని అవ్వా అని ఏడ్చాను. అయ్య నా చెయ్యి ఉన్నచోటే, నా చేతికి తగలకుండా, మెల్లగా పలుపు కట్టుకుంటూ పోయాడు.